గజంకట్టెతో ఆట

మా అన్న బ్యాటు పడితే బంతి అంచుకు తగలదని జగదల్‌పూర్‌లో చెప్పుకునేవారట. అటునుంచి వచ్చిన ప్రతి చుట్టమూ ఆ మాట మోసుకొచ్చేవాడు. చెప్పి, మురిసిపోతామేమోనని మా మొహాల్లోకి చూసేవాడు. మేం మజ్జిగ తెస్తామని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళం. అంచుకు తగలని ఆ ఆట అన్న ఎక్కడ నేర్చుకున్నాడో, దానికోసం మా ఇంట్లో ఏం పోయిందో చుట్టాలకు చెప్పుకునే సంగతి కాదు. ఇప్పుడు ఆ చుట్టాలూ లేరు, సిగ్గుపడేవాళ్ళూ లేరు. నేనొక్కదాన్నే మిగిలాను, నాకు సిగ్గు తక్కువ. అందుకే రాస్తున్నాను.

మాది భోపాల్‌పట్నంలో బట్టల దుకాణం. బస్తర్ ఇంకా రాజుల చేతిలో ఉన్న కాలం. చుట్టుపక్కల అడవిపల్లెల దొర్ల తెగ రైతులు ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు తెచ్చి వారం అంగట్లో అమ్ముకుని, ఇంటికి పోయేముందు మా దగ్గర బట్ట కోయించుకునేవారు. కచేరీలో హిందీ, అంగట్లో తెలుగూ దొర్లీ గోండీ కలగాపులగం. ఏ భాషవాడు వచ్చినా బాపు, అంటే మా నాన్న, మాత్రం గజంకట్టెతోనే మాట్లాడేవాడు.

ఆ కట్టె ముదురు టేకుది. రెండు వేళ్ళ వెడల్పు, మంచి మందం, రెండు కొసలకూ తొడిగిన ఇత్తడి పొన్నులు. బాపు బట్ట తాను విప్పి కట్టె మీద పరుస్తూ మొదటి గజానికి "లాభం" అనేవాడు. మా వర్తకుల ఇళ్ళలో కొలిచేటప్పుడు ఒకటి అనే మాటే లేదు, లాభం, రెండు, మూడు అంటూ పోవాల్సిందే. ఆఖరి గజం అయ్యాక కట్టె కొస దాటి తన బొటనవేలు అడ్డంగా పెట్టి, ఆ వేలికి అవతల కత్తెర వేసేవాడు. ఆ వేలెడు బట్ట కొసరు. సావుకారి బొటనవేలు అని అంగట్లో దానికో పేరు కూడా ఉండేది. మా పక్క దుకాణాలవాళ్ళు కొసరు అడిగితే ఇచ్చేవాళ్ళు. బాపు అడక్కుండా ఇచ్చేవాడు, ఇచ్చానని నాలుగిళ్ళకు వినబడేలా చెప్పేవాడు కూడా. ఆయనకు అదొక్కటే గర్వం.

అన్న జగదల్‌పూర్‌లో హాస్టల్లో ఉండి హైస్కూలు చదివేవాడు. వానలు పడితే వాగులు పొంగి లారీ నడవదు కాబట్టి వేసవి సెలవులకు వచ్చినవాడు మొదటి వానకు ముందే తిరిగి వెళ్ళిపోవాలి. ఆ ఏడు అన్న ఒక పాత తోలుబంతినీ, ఒక దిగులునూ వెంట తెచ్చుకున్నాడు.

ఆ దిగులు క్రికెట్ గురించి. అన్న బంతిని బలంగానే కొట్టేవాడు కాని అది బ్యాటు అంచుకు తగిలి వెనక నిలబడ్డవాడి చేతుల్లో పడేది. దానికి ఆటల మాస్టరు ఒక మందు కనిపెట్టాడు. విరిగిన బ్యాటును రెండు వైపులా చెక్కించి మూడు వేళ్ళ వెడల్పున మిగిల్చాడు. పిల్లలు దాన్ని పట్టీ అనేవారు. పట్టీ పట్టుకుంటే బంతి నడిమధ్య తగలాలి, లేదంటే తగలకుండానే పోవాలి. దానితో కొట్టడం అలవాటైనవాడికి తర్వాత అసలు బ్యాటు ఇస్తే తలుపుచెక్క ఎత్తినట్టు ఉంటుందని మాస్టరు చెప్పేవాడట. సెలవులయ్యాక పట్టీతోనే పరీక్ష పెడతాననీ, అందులో నిలిస్తేనే జట్టులోకి తీసుకుంటాననీ అన్నకు చెప్పి పంపాడు.

ఆటే కదా అనుకోవచ్చు. కాని అన్న చదువంతా ఆ పరీక్ష మీదే వేలాడుతోంది. లెక్క వచ్చింది, హిందీ వచ్చింది, ఇంకేం కావాలి, వచ్చి దుకాణం గద్దె మీద కూర్చో అని బాపు రెండేళ్ళుగా అంటున్నాడు. జట్టులో ఉన్న పిల్లల్ని మాత్రం చదువు మాన్పించవద్దని హెడ్మాస్టరు స్వయంగా తండ్రులకు చెప్పేవాడు. హెడ్మాస్టరు మాటంటే బాపుకు కచేరీ మాటతో సమానం, కాదనే ధైర్యం లేదు. అన్న తప్పించుకోవడానికి ఉన్న దారి అదొక్కటే. గద్దె పేరెత్తితే వాడి మొహంలో నెత్తురు ఉండేది కాదు. పొద్దస్తమానం కాళ్ళు ముడుచుకుని తాన్లు విప్పడం, మడవడం తలచుకుంటేనే ఊపిరాడనట్టు ఉంటుందని నాతో చెప్పాడు.

వచ్చిన వారంలోనే వడ్రంగి దగ్గరికి వెళ్ళి టేకుచెక్కతో ఒక పట్టీ చేయించుకున్నాడు. బాపు అది చూశాడు. తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాడు. ఆ పూట అన్నం దానిమీదే ఉడికింది. అన్న తినకుండా లేచిపోయాడు, నేను తిన్నాను.

ఆ తర్వాతే అన్న కన్ను గజంకట్టె మీద పడింది. ఎండాకాలం మధ్యాహ్నం దుకాణం మూసి బాపు నడుం వాల్చేవాడు. ఆ వేళకు అన్న కట్టె తీసుకుని వెనక గోదాంలోకి వచ్చేవాడు. ఇప్పపువ్వు బస్తాలన్నీ అమ్ముడుపోయి గోదాం ఖాళీగా, పొడుగ్గా, ఆ పువ్వు మత్తువాసనతో ఉండేది. ఆ కొస నుంచి నేను బంతి వేసేదాన్ని. మొదట గుడ్డపీలికల బంతి. పదేళ్ళ ఆడపిల్ల విసిరే బంతి ఎంత, ఆ మూల నుంచి ఈ మూలకు వస్తే గొప్ప. అయినా రెండు వేళ్ళ కట్టెకు దాన్ని తగిలించడానికి అన్న చెమటలు కక్కేవాడు. వాడు తప్పినప్పుడల్లా నేను "లాభం" అని అరిచేదాన్ని. వాడు కట్టె ఎత్తి నా వెంటపడేవాడు. వాళ్ళ పట్టీ కంటే ఇది సన్నం చెల్లె, దీంతో వచ్చిందంటే ఇక నాకు తిరుగులేదు అనేవాడు.

బాపుకు తెలియలేదా అంటే, ఒకటి తెలిసింది. మధ్యాహ్నాల్లో కొడుకు గజంకట్టె పట్టుకుని అటూ ఇటూ తిరగడం ఆయన చూశాడు. పొయ్యిలో పెట్టిన చెక్క పని చేసిందనుకున్నాడు. బట్టలవాడి కొడుకు చేతిలో గజంకట్టె ఉంటే ఎవరు మాత్రం ఇంకేం అనుకుంటారు? వాడి చేతికి కట్టె అలవాటవుతోందని అమ్మతో చెప్పడం నేను విన్నాను. అంత సంతోషంగా బాపు మాట్లాడటం నేను ఎక్కువసార్లు వినలేదు. నేను ఆ మాట అన్నకు చెప్పాను. వాడు తల వంచుకుని, మాట మార్చాడు.

గుడ్డబంతి తేలికైపోయాక అన్న తోలుబంతి తీశాడు. నాకు జ్వరం వచ్చి పడుకున్న రోజుల్లో వాకిలి ఊడ్చే మనిషి కొడుకును పిలిచి బంతి వేయించుకున్నాడు. ఒక దెబ్బకు కట్టె కొసన ఉన్న ఇత్తడి పొన్ను ఎగిరిపోయింది, లోపలి చెక్క చీలింది. అన్న చీలినంత మేరా కత్తితో సాపుగా చెక్కి, లక్క కరిగించి, పొన్నును మళ్ళీ బిగగొట్టాడు. వాడి చెయ్యి చక్కని చెయ్యి. అతుకు కనబడకుండా చేశాడు. సాయంత్రం బాపు ఎప్పటిలాగే కట్టె అందుకుని బట్ట కొలిచాడు.

ఇక్కడే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తాత తండ్రుల నుంచి బట్ట కొలిచి బతికిన ఇంట్లో పుట్టినవాడు గజంకట్టె కొస చెక్కి మళ్ళీ దాని చోట పెట్టాడంటే ఎవరైనా నమ్ముతారా? కాని అన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ కొన్నాళ్ళలో వాడి కంటికి అది గజం కావడం మానేసింది. వాడికి అది బ్యాటు. బ్యాటు కొస ఊడితే ఎవరైనా ఏం చేస్తారు, చెక్కి బిగిస్తారు. అంతే చేశాడు.

ఎండలు ముదిరాయి, పెళ్ళిళ్ళ రోజులు. ఇంద్రావతి ఒడ్డు పల్లె పటేల్ ఒకాయన, దొర్లవాడు, మా దుకాణానికి పాత ఖాతాదారు, కొడుకు పెళ్ళికని ఎనిమిది గజాల ఎర్రంచు బట్ట తీసుకెళ్ళాడు. ఆ బట్ట పెళ్ళికూతురి తల్లికి పెట్టాలి. వాళ్ళలో ఆ బట్టను పిల్ల మేనమామ పందిట్లో అందరి ముందూ మూరవేసి చూసి గాని లోపలికి తీసుకోడు. అలా మూరవేస్తే ఆ రోజు బట్ట జానెడు తక్కువొచ్చింది. ఎనిమిదన్నావు, ఎగ్గొట్టావు అన్నారట ఆడపిల్లవాళ్ళు. మాట మాట పెరిగి పెళ్ళి ఆగేదాకా వచ్చిందట. చివరకు పటేల్ తన నెత్తి మీది కొత్త పాగా విప్పి బట్ట మీద పెడితే ముడి పడింది.

తర్వాతి అంగడి రోజు పటేల్ ఆ బట్టతో దుకాణానికి వచ్చాడు. అరుగంతా జనం. మా అరుగు మీద కుట్టే దర్జీ మిషన్ ఆపి చూస్తున్నాడు, అన్న లోపల తాన్లు సర్దుతున్నాడు, నేను గడప మీద ఉన్నాను. పటేల్ కోపంగా లేడు. బట్ట గద్దె మీద పెట్టి, కొలువు సావుకారీ అన్నాడు, అంతే. బాపు కొలిచాడు. ఎనిమిది గజాలూ, పైన బొటనవేలు కొసరూ సరిగ్గా సరిపోయాయి. మరి సరిపోక ఏం చేస్తాయి, అదే కట్టె కదా. బాపు అందరికీ చూపిస్తూ కొస ఎత్తి పట్టుకున్నాడు. నీ వియ్యంకుడి దిక్కువాళ్ళ చేతులు కోతి చేతులేమో పటేలా, పిల్లను తెచ్చుకునేముందే కొలుచుకోవాల్సింది అన్నాడు. జనం గొల్లున నవ్వారు. బాపు ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు, కాని కొలత దగ్గర వేలు పెడితే మాత్రం ఆయనకు ఒళ్ళు తెలియదు.

జనం నవ్వు ఆగేదాకా పటేల్ ఆగాడు.

"కట్టె మీద ఒట్టేస్తవా సావుకారీ?"

"ఏస్త." బాపు కట్టెను రెండు చేతులా కళ్ళకద్దుకున్నాడు. "ఈ కట్టె కురచైతే నా వంశం కురచైతది."

పటేల్ బట్ట మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే అన్న చేతుల్లోంచి తాను జారి కింద విప్పుకుపోతోంది. వాడు దాన్ని చూస్తూ నిలబడ్డాడు, వంగి తియ్యలేదు.

సాయంత్రం అన్న దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చి కట్టెను కొలిచాడు. బొటనవేలు వెడల్పు తక్కువ. ప్రతి గజానికీ ఒక వేలు. బాపు కొసరుగా ఇచ్చిందంతా, దానికి ఎన్నో రెట్లు, వాడు చెక్కిన కొసలోంచే పోయింది. నన్ను గోదాంలోకి పిలిచి చెప్పాడు. నాకు వెంటనే తోచిన మాట నేను అనేశాను. లక్క కరిగించి పొన్ను పైకి గుంజు, లోపల చెక్క ముక్క పెట్టు, రేపటికి గజం గజం అవుతుంది, ఎవడికి తెలుస్తుంది? అన్న కట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాడు ఆ పని చెయ్యగలడు, చక్కగా చెయ్యగలడు. లారీ వచ్చేది ఇంకో పది పన్నెండు రోజులకు. నోరు మూసుకుంటే వెళ్ళిపోతాడు, నోరు తెరిస్తే ఆ గద్దెకు వాణ్ణి కట్టేస్తారు. అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

"కట్టె సరైతది చెల్లె. బాపు ఏసిన ఒట్టు ఎట్ల సరైతది?" అన్నాడు.

తెల్లవారి బాపు దుకాణం తలుపుచెక్కలు తీస్తుంటే అన్న వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. అమ్మ, నేను తలుపు చాటున ఉన్నాం. బాపు, నిన్న నువ్వేసిన ఒట్టు తప్పు అన్నాడు. తర్వాత మిగతాదంతా చెప్పాడు, గోదాం, బంతి, పొన్ను, లక్క, ఏదీ దాచలేదు. కొడతాడని నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు రాలేదు. తెరిచి చూస్తే బాపు గద్దె అంచున కూర్చుని ఉన్నాడు. ఎన్నాళ్ళయిందని ఒక్కటే అడిగాడు. అన్న చెప్పాడు. ఆ రోజుల్లో బట్ట కోయించుకున్నవాళ్ళను ఆయన మనసులో ఒక్కొక్కరినే తలుచుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత అమ్మ వైపు చూశాడు.

"నేను వీని చేతికి కట్టె అలవాటైతున్నదనుకుంటి" అన్నాడు.

ఆ మాటకు అన్న ఏడ్చాడు. కొట్టినా అంత ఏడ్చేవాడు కాదు.

ఆ పూట దుకాణం తియ్యలేదు. బాపు అదే ఎర్రంచు బట్ట కొత్త తానులోంచి, దర్జీ టేపుతో కొలిచి కోసి, అన్నను వెంటబెట్టుకుని నడిచి ఆ పల్లెకు వెళ్ళాడు. అక్కడ జరిగింది అన్న నాకు తర్వాత చెప్పాడు. పటేల్ మంచం వాల్చాడు, నీళ్ళిచ్చాడు. బాపు బట్ట ఇచ్చి, తన కట్టె కురచేనని ఒప్పుకుని చేతులు జోడించాడు. లోపల కొత్తకోడలు చాటలో ఏదో చెరుగుతోంది. పొట్టిగుడ్డ పిల్ల అని ఆ పల్లె ఆడవాళ్ళు అప్పటికే ఆమెకు పేరు పెట్టేశారట. పటేల్ బట్టను ముట్టుకోలేదు.

"నవ్వినోళ్ళు అంగట్ల ఉన్నరు సావుకారీ. మా ఇంట్ల లేరు" అన్నాడు.

అంతకంటే కోపగించుకున్నా బాగుండేదని అన్న అన్నాడు.

మళ్ళీ అంగడి రోజు వచ్చింది. జనం నిండాక బాపు అరుగు మీదికి వెళ్ళి నిలబడ్డాడు. వెళ్ళేముందు అన్నను పిలిచి, నేను చెప్పేదాకా బయటికి రావద్దు అన్నాడు. నేనే చేశానని నేనే చెబుతాను బాపు అని అన్న అడ్డం పడ్డాడు. బాపు వాణ్ణి లోపలికి తోసి తలుపు మూశాడు. బయట ఆయన చెప్పింది మూడు ముక్కలు. నా కట్టె కురచది. నేనేసిన ఒట్టు తప్పు. పటేల్ మాట నిజం. కొడుకు సంగతి ఎత్తలేదు. పటేల్ గుంపులో ఉన్నాడు, విన్నాడు, వచ్చి బట్ట తీసుకుని వెళ్ళాడు.

నిజం చెబితే దేవుడు మెచ్చుకుంటాడంటారు. దేవుడి సంగతి నాకు తెలియదు, అంగడి మెచ్చుకోలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నట్టు, కట్టె కురచ అన్న మాట బాపు నోట్లోంచి బయటపడ్డాక దానికి కాళ్ళొచ్చాయి. ఎప్పటి నుంచి అని ఒకరడిగారు. పోయినేడు తీసుకున్న పంచె చూడు అని ఒకరొచ్చారు. చిరిగి, ఉతికి ఉతికి కురచైన పాతగుడ్డలు పట్టుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. బాపు ఎవరితోనూ వాదించలేదు, అడిగినవాళ్ళకు బట్ట కోసి ఇచ్చాడు. వాళ్ళు తీసుకున్నారు, తీసుకుని పక్క దుకాణంలో బేరం చేశారు. ఇన్నేళ్ళ బొటనవేలు ఇందుకా అని దర్జీ మిషన్ దగ్గర ఒకడు అన్నది బాపు విన్నాడు. లోపల అన్న తలుపుకు తల ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ తలుపు తీసుకుని బయటికి పోయి అరవాలని నాకే అనిపించింది. వాడికి ఎలా ఉందో నేను చెప్పలేను.

లారీ వచ్చే రోజు దగ్గరపడింది. అన్న పెట్టె సర్దుకోలేదు. ఇక వెళ్ళేది లేదని, గద్దె మీద కూర్చుంటానని, తప్పు చేసినవాడు నిలబడి మోయాలని అమ్మతో అన్నాడు. ఆ మాట మనసారా అన్నదే. పొద్దున్నే లేచి దుకాణం ఊడ్చాడు, తాన్లు దించాడు, బాపు రాగానే గద్దె పక్కన జాగా చేసుకుని కూర్చున్నాడు. బాపు కట్టె తీసుకుని తన అవతలి పక్కన పెట్టుకున్నాడు. సాయంత్రం తనే అన్న పెట్టె సర్ది వాకిట్లో పెట్టాడు.

మర్నాడు లారీ దగ్గరికి అందరం వెళ్ళాం. అమ్మ అటుకులు మూటకట్టి ఇచ్చింది. అన్న ఎక్కబోతూ వెనక్కి తిరిగి, బాపూ, మళ్ళీ సెలవులకు రావాల్నా అని అడిగాడు. పదహారేళ్ళవాడు అడగాల్సిన మాట కాదు అది.

"రా. ఇల్లు నీదే" అన్నాడు బాపు. "దుకాణం నీది కాదు."

దొంగకొలత పేరు కొడుకు మీద పడకూడదనే ఆయన అలా చేశాడని అమ్మ చివరిదాకా నమ్మింది. నన్నడిగితే అది శిక్షే. తర్వాత ఆ గద్దె మీద నలభై ఏళ్ళు కూర్చున్నదాన్ని నేను. బాపు నాకు కొలవడం నేర్పాడు, దుకాణం కోసం నాకు ఇల్లరికం సంబంధం చూశాడు, నీకిష్టమేనా అని నన్ను ఒక్కసారీ అడగలేదు. నా ముందే బట్టను మళ్ళీ తమ చేత్తో మూరవేసుకుని చూసుకునే ఖాతాదార్లను నేను ఏళ్ళతరబడి చూశాను. వాళ్ళు మూరవేస్తున్నంతసేపూ బాపు గోడ వైపు చూసేవాడు. కొడుకును కాపాడుకున్న తండ్రి మొహం అలా ఉండదు.

అన్న పరీక్షలో నిలిచాడు, జట్టులోకి వచ్చాడు, చదువు సాగింది, నాగపూర్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. కోరుకున్నవన్నీ దొరికాయి. సెలవుకు సెలవుకు వచ్చేవాడు. మా ఇంట్లోకి రావాలంటే దుకాణంలోంచి గద్దె పక్కగా రావాలి. వాడు మాత్రం వెనక సందులోంచి, గోదాం తలుపు తోసుకుని వచ్చేవాడు. బాపు పోయాక ఒకసారి నేను గద్దె మీంచి కేక వేశాను, ఇప్పుడెవరున్నారు, ముందునుంచే రా అన్నా అని. వాడు వీధిలో ఆగి, చెప్పులు చూసుకున్నాడు. తర్వాత సందువైపు తిరిగాడు. నేను గోదాం తలుపు తియ్యడానికి లోపలికి వెళ్ళాను.